36 కి.మీ. వేగంలో చక్రాల దగ్గర ఎన్ని సెకన్లు మిగులుతాయి?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్లుగా చెప్పుకుంటాను. మీది కావలి. అల్యూమినియం రోడ్ సైకిల్, రిమ్ బ్రేకులు, ముందూ వెనకా 32 గుండ్రటి స్పోకుల చక్రాలు, 28 మి.మీ. టైర్లు. వచ్చే నెలలో నెల్లూరు దగ్గర ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్డు మీద 25 కి.మీ. టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు, ఉంది. సాధనలో ఆ దూరానికి మీకు 42 నిమిషాలు పడుతోంది. ఒక మిత్రుడు 88 మి.మీ. లోతున్న కార్బన్ చక్రాలు కొనమన్నారు, ఇంకొకరు ఉన్న చక్రాలకే ప్లాస్టిక్ షీటు బిగించమన్నారు, మూడోవారు రిమ్ములకు మైనం రుద్దితే గాలి జారిపోతుందన్నారు. వీటిలో దేనిలో పస ఉందన్నది మీ ప్రశ్న.

క్లుప్తంగా నా అభిప్రాయం ఇది: నిర్వాహకులు ఒప్పుకుంటే వెనక చక్రానికి షీటు తొడగడం మంచి పని, ముందు చక్రాన్ని శుభ్రంగా, సన్నగా ఉంచడం దాదాపు ఖర్చులేని పని, 88 మి.మీ. చక్రాలు మన గాలికీ మీ వేగానికీ తగినవి కావు, మైనం సంగతి మర్చిపోవచ్చు. అయితే వీటన్నిటికంటే ముందు టైర్లు, ట్యూబులు మార్చాలి. ఎందుకో లెక్కతో సహా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో లెక్క లేకుండా చెప్పే మాట ఏదైనా అమ్మకందారు మాటలాగే ఉంటుంది.

42 నిమిషాల్లో 25 కి.మీ. అంటే గంటకు సుమారు 36 కి.మీ., అంటే సెకనుకు 10 మీటర్లు. మన తీరప్రాంతంలో 35 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.14 కిలోలు తూగుతుంది. చలిదేశాల పరీక్షల్లో వాడే 15 డిగ్రీల గాలి 1.225 కిలోలు తూగుతుంది కనుక, అక్కడి పత్రికల్లో కనిపించే వాట్ల ఆదా మన దగ్గర ఆరేడు శాతం తక్కువగానే ఉంటుందని మొదటే గుర్తుపెట్టుకోండి. మనిషి, సైకిలు కలిసి గాలికి ఎంత అడ్డుపడుతున్నారో చెప్పే వైశాల్యాన్ని, అంటే ఎదురుగా కనిపించే వైశాల్యాన్ని ఆకార గుణకంతో గుణించగా వచ్చే అంకెను, కొమ్ముల్లా కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్ మీద వంగి తొక్కే మీవంటివారికి 0.32 చదరపు మీటర్లుగా తీసుకుంటే, గాలిని చీల్చడానికే సుమారు 182 వాట్లు ఖర్చవుతాయి. మీరు, సైకిలు కలిసి 80 కిలోలు అనుకుంటే, మామూలు టైర్లు రోడ్డు మీద దొర్లడానికి మరో 39 వాట్లు కావాలి. చైను, బేరింగుల నష్టాన్ని పక్కనపెడితే మొత్తం 221 వాట్లు. గాలి ఖర్చు వేగం ఘనంతో పాటు పెరుగుతుంది కాబట్టి ఒక వాట్ ఆదా అయితే ఒక వాట్‌కు తగినంత వేగం రాదు, దాదాపు మూడో వంతే వస్తుంది. ఆ లెక్క చివరిదాకా వేస్తే మీ 25 కి.మీ. దూరంలో ఒక్కో వాట్ ఆదాకు నాలుగు సెకన్లకు కాస్త పైన మిగులుతుంది. ఇకపై నేను చెప్పే ప్రతి మార్పునూ ఈ నాలుగు సెకన్ల కొలతతోనే తూచుకోండి.

ఆ తూకంలో మొదట నిలబడేది టైరు. సైకిలుతో పాటు వచ్చే మందపాటి సాధన టైర్ల దొర్లుడు నిరోధ గుణకం, అంటే మోస్తున్న బరువులో ఎంత వంతు వెనక్కి లాగుతుందన్న అంకె, 0.006 దాకా ఉండవచ్చు, మంచి రేసింగు టైరు, పల్చటి ట్యూబు కలిస్తే 0.004 దగ్గరకు వస్తుంది. ఈ చిన్న తేడా మీ బరువు దగ్గర, మీ వేగం దగ్గర సుమారు 16 వాట్లు, అంటే ఒక నిమిషం పైమాట. చక్రాల ఆకారం మీద ఎంత డబ్బు పోసినా మీకు ఇంత తిరిగి రాదు. లేటెక్సు ట్యూబులు దొరికితే వేయండి. అవి రాత్రికి రాత్రే గాలి దిగిపోతాయి కనుక రేసు ఉదయం తప్పనిసరిగా గాలి కొట్టుకోవాలి. మీవి అల్యూమినియం రిమ్ములు, మన దారులు చదునైనవి కాబట్టి బ్రేకు వేడికి లేటెక్సు చెడుతుందన్న భయం మీకు అక్కర్లేదు.

గాలి ఎంత కొట్టాలన్నది మరో సంగతి. రాయిలా గట్టిగా ఉంటే వేగం వస్తుందని మన వైపు ఇప్పటికీ గట్టి నమ్మకం. నున్నటి ట్రాకు మీద అది కొంతవరకు నిజమే. మట్టి ట్రాక్టర్లు, రొయ్యల మేత లారీలు తిరిగే మన గరుకు తారు మీద మాత్రం టైరు నొక్కుకోవడం మాని సైకిలునంతా ఎగరేస్తుంది, ఆ ఎగిరే శక్తి మీ కాళ్ళ నుంచి పోయేదే. 70 కిలోల మనిషికి 28 మి.మీ. వెనక టైరులో 70 పీఎస్ఐ చుట్టుపక్కల మొదలుపెట్టి, అక్కడి నుంచి రెండు మూడు పీఎస్ఐల చొప్పున మార్చి చూసుకోండి.

ఇక చక్రం. చక్రం గాలిలో ఎందుకు ప్రత్యేకమంటే, సైకిలు మిగతా భాగాలన్నీ ఒకే వేగంతో ముందుకు పోతుంటే చక్రం పై అంచు మాత్రం రెండింతల వేగంతో పోతుంది. నేలను తాకే చోట వేగం సున్నా, ఇరుసు దగ్గర 36, పై అంచులో 72 కి.మీ. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి పై అంచు దగ్గర స్పోకు ముక్క ఇరుసు ఎత్తులో ఉన్న వస్తువు కంటే నాలుగింతల ఒత్తిడిని ఎదుర్కొంటుంది. అందుకే రిమ్ము పక్కన స్పోకు మీద ఏముందన్నది చక్రం మధ్యలోని హబ్బు మీద ఏముందన్నదానికంటే ముఖ్యం. ముందు చక్రం ఎవరూ కదిలించని గాలిని మొదట తాకుతుంది, వెనక చక్రం మాత్రం మీ కాళ్ళు, ఫ్రేము అప్పటికే చిందరవందర చేసిన గాలిలో ఉంటుంది. ఈ రెండు మాటలు కలిపి చూస్తే మీ శ్రద్ధ మొదట ముందు చక్రం పై సగం మీద పడాలని తేలుతుంది.

గుండ్రటి స్పోకు గాలికి ఎంత చెడ్డదో పెన్నలో నీరు పారుతున్నప్పుడు పాతిన గుంజ వెనక లేచే సుడిని చూస్తే తెలుస్తుంది. గుంజ సన్ననిదే అయినా, దాని వెనక నీరు గుంజకంటే వెడల్పుగా కలత చెందుతుంది. 2 మి.మీ. గుండ్రటి స్పోకు బదులు చదును చేసిన స్పోకు వాడితే, ఉదాహరణకు శాపిమ్ సీఎక్స్ రే లేదా డీటీ స్విస్ ఏరోలైట్ రకాలు, సుమారు 2.3 మి.మీ. వెడల్పు, 0.9 మి.మీ. మందం మాత్రమే ఉంటాయి, గాలికి ఎదురుగా నిలిచేది ఆ 0.9 మి.మీ. అంచే. ఈ రెండు రకాలూ మామూలు హబ్బు రంధ్రం గుండా దూరుతాయి. ఇంతకంటే వెడల్పు చదును స్పోకులకు హబ్బు రంధ్రాన్ని ఆకురాయితో కోసి పొడిగించాలి. ఆ పని చేయిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, స్పోకులు దూరే హబ్బు అంచు, అంటే ఫ్లేంజి, అక్కడే పగులుతుంది.

అయితే చదును స్పోకులు వేయించిన చక్రాల్లో సగానికి సగం నేను చూసినంతలో తప్పుగా నిలిచి ఉంటాయి. రిమ్ము బెండు తీసేటప్పుడు స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్ తిరిగితే దానితో పాటు స్పోకు కూడా కొంచెం మెలి తిరుగుతుంది. గుండ్రటి స్పోకులో అది కంటికి కనిపించదు. చదును స్పోకులో బ్లేడు పక్కకు తిరిగి గాలికి అడ్డంగా నిలబడుతుంది, అప్పుడు ఆ 2.3 మి.మీ. వెడల్పు అంతా ఎదురుగా పడి గుండ్రటి స్పోకుకంటే అధ్వాన్నమవుతుంది. చక్రాన్ని ఫోర్కులో పెట్టి, సైకిలు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఒక్కొక్క స్పోకును పై స్థానానికి తెచ్చి చూడండి. సరిగా ఉన్నది గీతలా కనిపిస్తుంది, మెలి తిరిగినది పట్టీలా మెరుస్తుంది. బ్లేడును గాడి ఉన్న చిన్న పట్టకారుతో పట్టుకుని, నిపుల్‌ను వేరుగా తిప్పాలి. ఆ పట్టకారు లేని మెకానిక్కు దగ్గర చదును స్పోకుల చక్రం బెండు తీయించకండి, ఒక మెత్తటి అల్యూమినియం ముక్కలో రంపంతో సన్నటి గాడి కోసుకుని మీరే తీసుకువెళ్ళినా సరిపోతుంది.

మీ 32 స్పోకుల ముందు చక్రాన్ని 20 లేదా 24 చదును స్పోకులతో కొత్తగా కట్టించడం మంచి పెట్టుబడే గానీ, అందుకు కొత్త హబ్బు, కొత్త రిమ్ము కావాలి. ఒక నెలలో రేసు ఉన్నవారు తొందరపడాల్సిన పని కాదు. స్పోకులను అడ్డదిడ్డంగా అల్లకుండా నేరుగా, సైకిలు ఇరుసు నుంచి కిరణాల్లా కట్టించాలని కొందరు అంటారు. రిమ్ బ్రేకు ముందు చక్రంలో అది కుదురుతుంది, కానీ దానికి హబ్బు తయారీదారు అనుమతి ఉండాలి. డిస్కు బ్రేకు ఉన్న హబ్బులో రోటరు వైపు అలా కట్టకూడదు, బ్రేకు మెలితిప్పే బలాన్ని ఆ అల్లిక భరించలేదు. లోపలికి దాగే నిపుల్లు కూడా గాలికి మంచివే. మన దగ్గర మాత్రం బెండు తీయాల్సివచ్చిన ప్రతిసారీ టైరు, ట్యూబు, రిమ్ము పట్టీ ఊడదీయాలి కనుక నేను వద్దంటాను.

ముందు టైరు వెడల్పు గురించి. మీది బయటి వెడల్పు 22 మి.మీ. ఉండే పాత తరహా రిమ్ము అయివుంటుంది. చక్రాల తయారీలో 105 శాతం సూత్రం అని ఒకటుంది: రిమ్ము బయటి వెడల్పు, గాలి నింపిన తరవాత కొలిచిన టైరు వెడల్పుకంటే కనీసం 5 శాతం ఎక్కువ ఉంటే టైరు మీదుగా వచ్చిన గాలి విడిపోకుండా రిమ్మును అంటిపెట్టుకుని సాగుతుంది. దీన్ని చక్రాలు తయారుచేసే జిప్ సంస్థలో పనిచేసిన జాష్ పోర్ట్‌నర్ ప్రచారంలోకి తెచ్చారు. 22 మి.మీ. రిమ్ముకు ఈ సూత్రం పాటించాలంటే 21 మి.మీ. టైరు కావాలి. ఆ టైరుతో మన రోడ్ల మీద తొక్కితే పంచర్ల షాపు తప్ప గమ్యం కనిపించదు. అదృష్టవశాత్తూ ఈ సూత్రం లోతైన రిమ్ములకే ప్రధానం. మీ పొట్టి రిమ్ము మీద గాలి ఎలాగూ ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉండదు. అందుచేత ముందు మాత్రం 25 మి.మీ. రేసింగు టైరు, వెనక 28 ఉంచండి. 3 మి.మీ. వెడల్పు తగ్గినందుకు లెక్క ప్రకారం దక్కేది సుమారు ఒక వాట్. అయితే టైరు మీద అచ్చువేసిన అంకెను నమ్మకండి. గాలి కొట్టి ఒక రాత్రి ఉంచి, వర్నియరు కాలిపరుతో రెండు మూడు చోట్ల కొలవండి, లోపలి వెడల్పు ఎక్కువున్న రిమ్ము మీద అదే 25 టైరు 27 దాకా పరుచుకోవడం సాధారణం.

ఇప్పుడు 88 మి.మీ. చక్రాల దగ్గరకు వద్దాం. చర్చ అసలు ఇక్కడే ఉంది, కారణం మన గాలి. కావలి నుంచి నెల్లూరు దాకా, అటు ఒంగోలు దాకా జాతీయ రహదారి సముద్రానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా పోతుంది. మధ్యాహ్నానికి లేచే సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది, వేసవిలో వడగాలి, తరవాత నైరుతి రోజుల గాలి పడమటి నుంచి వస్తాయి. అంటే ఎటు తిరిగినా మీకు పక్కగాలే. రైడరు పోవడం వల్ల ఎదురయ్యే గాలి, పక్క నుంచి వీచే గాలి కలిసి చక్రాన్ని ఒక కోణంలో తాకుతాయి. చక్రం ఎత్తులో పక్కగాలి సెకనుకు 2 మీటర్లుంటే, మీ 10 మీటర్ల వేగంలో ఆ కోణం 11 డిగ్రీలు. అదే గాలిలో 54 కి.మీ. వేగంతో పోయే ప్రపంచస్థాయి రైడరుకు అది 8 డిగ్రీలకు దిగుతుంది. గాలి 3 మీటర్లయితే మీ కోణం దాదాపు 17 డిగ్రీలకు చేరుతుంది. నెమ్మదిగా తొక్కేవారికి పక్కగాలి ఎక్కువ తగులుతుందన్న ఈ సంగతిని చక్రాల ప్రకటనలు చెప్పవు, ఎందుకంటే వాటిలోని గ్రాఫులు వేగంగా పోయేవారి కోసం గీసినవి. వాతావరణ శాఖ చెప్పే గాలివేగం 10 మీటర్ల ఎత్తులో కొలిచినది, చక్రం ఎత్తులో అంత ఉండదన్నది ఒక్కటే ఊరట.

లోతైన రిమ్ముకు పక్కగాలి ఒక మేరకు స్నేహితుడే. కోణం పెరిగే కొద్దీ గాలి రిమ్మును తెరచాపలా నెడుతూ నిరోధాన్ని తగ్గిస్తుంది. అయితే ఒక కోణం దాటాక గాలి రిమ్ము నుంచి హఠాత్తుగా విడిపోతుంది, నిరోధం మళ్ళీ పెరుగుతుంది, అంతకంటే ముఖ్యంగా హ్యాండిలు ఒక్క కుదుపుతో పక్కకు లాగుతుంది. ఆ కోణం రిమ్ము ఆకారాన్ని బట్టి, టైరు దానికి ఎంత సరిగా అమరిందన్నదాన్ని బట్టి మారుతుంది. చవకగా దొరికే 88 మి.మీ. రిమ్ముల్లో చాలావరకు పాత వీ ఆకారం, 23 మి.మీ. వెడల్పు. దాని మీద 25 టైరు ఎక్కిస్తే టైరు బల్బులా పొంగి, గాలి రిమ్మును చేరకముందే విడిపోతుంది. అంటే మీరు డబ్బిచ్చి కొన్న లోతు పక్కగాలిలో పనికిరాకుండా పోతుంది, బరువు, కుదుపు మాత్రం మిగులుతాయి. కంటైనరు లారీ దాటేటప్పుడు దాని చాటున గాలి ఆగి, దాటగానే తిరిగి కొట్టే దెబ్బను, లేదా చెట్లు తెగి పెన్న వంతెన మొదలయ్యే చోట తగిలే దెబ్బను ముందు చక్రంలో 88 మి.మీ. లోతుతో తట్టుకుంటూ హ్యాండిల్ మీద పడుకుని ఉండటం మీవల్ల కాదు. మీరు లేచి బ్రేకుల మీద చేతులు వేస్తారు. లేచిన ఆ క్షణాలే చక్రం మిగిల్చినదాన్ని తినేస్తాయి.

అంతగా కొనదలచుకుంటే ముందు 40 నుంచి 50, వెనక 50 నుంచి 60 మి.మీ., బయటి వెడల్పు 27 పైన ఉన్నవి తీసుకోండి. పొట్టి రిమ్ముల నుంచి ఈ రకానికి మారితే 40, 45 కి.మీ. వేగంలో పది వాట్ల చుట్టుపక్కల మిగులుతుంది, మీ వేగంలో అందులో సగం మాత్రమే. గుంపు రేసుల్లో 2026 జనవరి 1 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రిమ్ము లోతును 65 మి.మీ. వద్ద ఆపింది కనుక 88 అక్కడ నిబంధనకే విరుద్ధం. లోతు రిమ్ము బరువు వేగం అందుకోనివ్వదన్న భయాన్ని మాత్రం వదిలేయండి. రిమ్ములు 200 గ్రాములు ఎక్కువైతే మీ వేగానికి తేవడానికి అదనంగా కావలసినది 20 జూల్‌లు. నాలుగు వాట్లు మిగిల్చే చక్రం దాన్ని ఐదు సెకన్లలో తీర్చేస్తుంది. మనకు కొండలు లేవు కాబట్టి బరువు చర్చను గిద్దలూరు ఘాట్ ఎక్కేవారికి వదిలేయవచ్చు.

వెనక చక్రానికి షీటు తొడగడం నాకు నచ్చిన మార్పు. స్పోకుల బదులు పళ్ళెంలా రెండువైపులా మూసి ఉండే పూర్తి డిస్కు చక్రాలు రేసుల్లో కొత్త కాదు. 1984 జనవరిలో మెక్సికో నగరంలో ఫ్రాన్సెస్కో మోజర్ డిస్కు చక్రాలతోనే గంటలో 51.151 కి.మీ. తొక్కి, 1972 నాటి ఎడ్డీ మెర్క్స్ రికార్డు 49.431ని దాటారు. వెనక చక్రం స్టీరింగుతో కలవదు, మీ బరువు దాని మీదే ఎక్కువ ఉంటుంది, అందుకే పక్కగాలిలో కూడా దానిలో ఇబ్బంది తక్కువ. షీటు చేసుకోవడానికి బోర్డులు రాసేవారి దగ్గర దొరికే 1 మి.మీ. లోపు గట్టి ప్లాస్టిక్ షీటు చాలు. అడ్డపట్టీలున్న సన్‌ప్యాకు షీటు మందం, అంచు తెరుచుకుంటుంది, వద్దు.

కొలతల్లో చాలామంది బోల్తా పడేది ఇక్కడ. వెనక హబ్బులో కుడివైపు ఫ్లేంజి గేర్ల కోసం లోపలికి జరిగి ఉంటుంది. రిమ్ము అంచు నుంచి చూస్తే కుడివైపు స్పోకులు ఏడెనిమిది మి.మీ. మాత్రమే బయటికి వాలుతాయి, ఎడమవైపు 25 మి.మీ. వాలుతాయి. కనుక కుడివైపుకు చదునైన గుండ్రటి షీటు సరిపోతుంది, ఎడమవైపుది మాత్రం లోతు తక్కువ శంకువు కావాలి. రిమ్ము లోపలి అంచు దాకా వ్యాసార్ధం 300 మి.మీ. అనుకుంటే, షీటును 301 మి.మీ. వ్యాసార్ధంతో కోసి, మధ్య నుంచి అంచు దాకా ఒక్క గీతలో కత్తిరించి, అంచు దగ్గర ఆరున్నర మి.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా జరిపి అతికిస్తే 25 మి.మీ. ఎత్తు శంకువు తయారవుతుంది. అంటే చిటికెన వేలు వెడల్పుకంటే తక్కువ జరిపితే చాలు. చాలామంది రెండు మూడు సెంటీమీటర్లు జరిపి, అది గొడుగులా పొంగి, వెనక ఇరుసు దాకా వచ్చే ఫ్రేము కడ్డీకి, అంటే చెయిన్‌స్టేకు, రాసుకుంటుంటే షీటు పనికిరానిదని పారేస్తారు. అతుకు అంచు చక్రం తిరిగే దిశకు వెనకవైపు ఉండాలి. రెండు షీట్లను స్పోకుల మధ్య నుంచి నైలాను టైలతో ఒకదానికొకటి బిగించి, రిమ్ము అంచు చుట్టూ పల్చటి ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు వేయండి, కానీ టేపు బ్రేకు ప్యాడు తాకే పట్టీ మీదకు వెంట్రుకవాసి కూడా రాకూడదు. గాలి కొట్టే వాల్వు దగ్గర రంధ్రం చేసి, రేసు ముందు దాన్ని టేపుతో మూసేయండి. ముందు చక్రానికి ఏ పరిస్థితిలోనూ ఇలాంటి షీటు తొడగకండి.

చక్రం మీద అనవసరంగా వేలాడే చిన్నాచితకా వస్తువుల సంగతి త్వరగా ముగిస్తాను. వేగం కొలిచే మీటరు కోసం స్పోకుకు బిగించిన అయస్కాంతం, ప్లాస్టిక్ రిఫ్లెక్టరు రేసు రోజు తీసేయండి, రాత్రి రోడ్డెక్కేముందు రిఫ్లెక్టరు మళ్ళీ పెట్టుకోండి. రిమ్ముకంటే చాలా పొడవైన వాల్వు, దాని మీది నట్టు, మూత కూడా పై అంచు దగ్గర 72 కి.మీ. వేగంలో తిరుగుతాయి, పొట్టి వాల్వు ట్యూబు వేయండి. క్విక్ రిలీజ్ మీటను ఫోర్కు కాడ వెనక్కి మడవండి. కొత్త టైరు మీది రబ్బరు వెంట్రుకలు ఉన్నా లేకపోయినా ఒకటే. మైనం రిమ్ముకు తళుకు ఇస్తుంది, బ్రేకు పట్టీ మీద పడితే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకప్పుడు మావిక్ సంస్థ టైరుకూ రిమ్ముకూ మధ్య సందును పూడ్చే సన్నటి రబ్బరు పట్టీలతో ఒక చక్రం తెచ్చింది. గాలికి అది పనిచేసేదే, అయినా యూసీఐ ఆ పట్టీలను రేసుల్లో ఒప్పుకోలేదు. మీరు ఆ సందును సిలికానుతో పూడుస్తామనుకుంటే, పంచరైన రోజు టైరు ఊడదీయడానికి ఎంతసేపు పడుతుందో ముందు ఆలోచించుకోండి.

ఇన్ని చక్రాల మాటలు చెప్పిన తరవాత 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజును గుర్తుచేయక తప్పదు. వెర్సాయి నుంచి పారిస్‌కు 24.5 కి.మీ. టైమ్ ట్రయల్, దాదాపు మీ దూరమే. లారాన్ ఫిన్యోన్ 50 సెకన్ల ఆధిక్యంతో బయల్దేరారు, ఆయన సైకిలుకు ముందూ వెనకా డిస్కు చక్రాలే. గ్రెగ్ లెమాండ్ వెనక మాత్రమే డిస్కు పెట్టుకుని, మోచేతులు దగ్గరకు తెచ్చే ట్రయథ్లాన్ హ్యాండిలు, గాలికి అనువైన హెల్మెటు వాడారు. ఫిన్యోన్ తలకు ఏమీ లేదు, జుట్టు ముడి గాలిలో ఊగుతూనే ఉంది. లెమాండ్ ఆ రోజు 58 సెకన్లు వేగంగా వచ్చి, మొత్తం టూర్‌ను 8 సెకన్లతో గెలిచారు. మీ విషయంలో అంకెలు ఇలా ఉంటాయి: మోచేతులు వంచి, తల దించి, ఆ 0.32 వైశాల్యాన్ని 0.28కి తెస్తే 23 వాట్లు, అంటే ఒకటిన్నర నిమిషానికి పైన మిగులుతుంది. దానికి చక్రాల షాపుకు పోనక్కర్లేదు. తుమ్మలపెంట వైపు తెల్లవారుజామున వాహనాలు లేని రోడ్డు మీద ఆ భంగిమలో ఇరవై నిమిషాలు ఆగకుండా తొక్కగలిగేలా నడుం, మెడ అలవాటు చేసుకోవాలి.

మార్పులను పరీక్షించాలనుకుంటే పవర్ మీటరు ఉన్నవారి సైకిలు అరువు తెచ్చుకోండి. గుండె వేగం, స్టాప్‌వాచి చూసి రెండు మూడు వాట్ల తేడా పట్టామనడం నమ్మదగినది కాదు. పవర్ మీటరు ఉన్నా మన వాతావరణం మోసం చేస్తుంది. ఉదయం ఐదున్నరకు 27 డిగ్రీలుండి ఎనిమిదింటికి 33 అయితే, గాలి బరువే రెండు శాతం తగ్గి మీకు మూడున్నర వాట్లు ఊరికే ఆదా అవుతాయి. అదే సమయంలో షీటు తొడిగి ఉంటే ఆ ఆదా షీటు ఖాతాలో పడుతుంది. అందుకే మొదట పాత చక్రం, తరవాత కొత్తది, మళ్ళీ కొత్తది, చివర పాతది, ఇలా వరుస పెట్టి, ఒకే ముక్క రోడ్డు మీద పోయి వచ్చి, అదే జెర్సీ, అదే భంగిమ, అదే టైరు ఒత్తిడితో చేయండి. ఒక విడత మధ్యలో లారీ దాటితే ఆ విడతను లెక్కలోంచి తీసేయండి. సముద్రపు గాలి మొదలైందంటే ఆ రోజుకు పరీక్ష ఆపేయడం ఉత్తమం.

రేసు ముందు రోజు నిర్వాహకులతో మాట్లాడటం మాత్రం మానవద్దు. యూసీఐ నిబంధనల్లో తయారీగా వచ్చిన డిస్కు చక్రం టైమ్ ట్రయల్‌లో చెల్లుతుంది, కానీ గాలి నిరోధం తగ్గించడానికి విడిగా అమర్చిన కవచాలు నిషిద్ధం. జాతీయ స్థాయి పోటీలు ఆ నిబంధనల ప్రకారమే జరుగుతాయి. జిల్లా స్థాయిలో నిర్వాహకుల నిర్ణయమే ప్రమాణం, కొందరు చూసీచూడనట్లు పోతారు, కొందరు ప్రారంభ స్థలంలో ఆపేస్తారు. అందుకని నైలాను టైలు కోయడానికి చిన్న కటింగు ప్లయరు సిద్ధంగా పెట్టుకోండి, షీటు తీయడానికి మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టదు. తీసేస్తే పోయేది రెండు మూడు వాట్లు, అంటే పదీ పన్నెండు సెకన్లు. టైరు, భంగిమ రెండూ సరిగా పెట్టుకున్నవారికి 42 నిమిషాల నుంచి 40 దగ్గరకు రావడానికి ఆ షీటు తప్పనిసరి కాదు.